వదలడానికే కరెంటు కావాలి

ఇదంతా ఆ భక్తుడి వల్లే. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగి, లోపలి లైటు పోయి, పైన మిషన్ రూములో ఏదో టక్కుమన్న చప్పుడు లిఫ్టు తిరిగే బావిలోంచి జారి చెవిన పడగానే మేస్త్రీకి మొట్టమొదట తట్టింది అదే. బ్రేకు కాయిల్ కాలిందని తెలుసు, కాలిన వాసన రాకముందే తెలుసు, ముప్పై ఏళ్ళు లిఫ్టుల కడుపుల్లో బతికినవాడికి ఆ చప్పుడు ఇంట్లోవాళ్ళ దగ్గులాంటిది, ఎవరిదో తిరిగి చూడకుండానే చెప్పొచ్చు. అయినా తప్పు కాయిల్‌ది కాదు, భక్తుడిది. ఎందుకంటే మిషన్ రూము తాళంచెవి తన నడుముకి వేలాడే గుత్తిలో ఉంది, ఒకటి కాదు, రెండూ అక్కడే ఉన్నాయి. ఒకటి మెకానిక్ దగ్గర ఉండాలి, రెండోది కింద వాచ్‌మన్ గదిలో మేకుకి ఉండాలి. ఈ పనిలోకి వచ్చినవాడికి స్క్రూడ్రైవరు పట్టుకోవడం కంటే ముందు నేర్పే పాఠం అది, లోపల ఎవరైనా ఇరుక్కుంటే పైన ఇంకొకడు తలుపు తీసి, చేత్తో బ్రేకు వదిలి, చక్రం తిప్పాలి గనక. ఆ పాఠం తనే ఎంతమందికో చెప్పాడు, చెప్పి తనే తప్పాడు, తప్పించినవాడు భక్తుడు. పదకొండేళ్ళ కిందట తన వర్క్‌షాపు తాళంచెవి ఒకటి నమ్మి పొత్తుదారైన ఆ భక్తుడి చేతిలో పెడితే, ఒక సోమవారం పొద్దున్నే వెళ్ళేసరికి తలుపుకి కొత్త తాళం, గోడ మీద కొత్త పేరు, పేరుకి పైన రంగుల్లో 'దేవుడి దయతో' అని అక్షరాలు. ఆ రోజు నుంచి ఎవరికీ తాళం ఇవ్వలేదు, కట్టుకున్న దానికి బీరువా తాళం కూడా అడిగితేనే, అదీ పక్కన నిలబడి. ఈ పొద్దున వాచ్‌మన్ చెయ్యి చాచి, మేస్త్రీ గారూ రెండోది ఇలా పారేసి పోండి, మేకు ఖాళీగా ఏడుస్తోంది అంటే, నీ చేతికి తాళమిస్తే రేపు నా చేతికి చిప్పే అన్నాడు తను, వాడు మొహం మాడ్చుకుని, సరే, ఆ చిప్ప కూడా నడుముకే కట్టుకోండి అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు గుత్తి నడుముకి చల్లగా తగులుతోంది.

ఒక్కడే అయితే ఫరవాలేదు, ఒక్కడే అయితే కింద కూర్చుని, భక్తుణ్ణి తిట్టుకుంటూ, వాళ్ళు ఎప్పుడు తీస్తే అప్పుడు బయటికెళ్ళేవాడు. కానీ ముందు చక్రాల కుర్చీలో బూర తాత ఉన్నాడు. మూడో అంతస్తు ఆయన, నలభై ఏళ్ళు బ్యాండులో బూర ఊదినవాడు, ఊదీ ఊదీ ఉన్న ఊపిరంతా ఊరికి పంచిపెట్టి ఇప్పుడు సిలిండరులో కొనుక్కుంటున్నాడని ఆయన భార్యే అంటుంది. ముక్కులో సన్నటి గొట్టం, ఒళ్ళో చిన్న సిలిండరు, ఆసుపత్రికి వెళ్ళిరావడానికి సరిపడేంత. పెద్దది ఇంట్లో ఉంది. బాగు చేశాక లిఫ్టుని మూడుసార్లు ఖాళీగా తిప్పాలి, అదీ పాఠమే, తను ఒక్కసారే తిప్పాడు, ఎందుకంటే ఆ సమయానికి మెట్ల దగ్గర నిలబడి ఈ తాతకే భక్తుడి కథ చెబుతున్నాడు, కథ మంచి పట్టులో ఉంది, ఎక్కండి పెద్దాయనా కిందికి వెళ్తూ చెబుతానన్నాడు. చూడు, మళ్ళీ భక్తుడే. మూల బ్యాటరీ బల్బు మిణుకుమంటోంది. ఆ వెలుగులో సిలిండరు మీది ముల్లు కనబడింది, ఎరుపు గీతకి వేలెడంత పైన. గీత తాకితే ఇంకెంతసేపు పెద్దాయనా అని అడిగితే తాత రెండు చేతుల వేళ్ళూ తెరిచి చూపించి, మూసి, మళ్ళీ తెరిచి చూపించాడు. ఇరవై నిమిషాలు. గీత తాకడానికి ఇంకో అరగంట వేసుకో. ఆ తర్వాత? ఆ తర్వాత అడగలేదు, ఎక్కేముందే ఆవిడ చెప్పింది, గొట్టం ఊడితే పట్టుమని పది నిమిషాలు ఆగలేరు నాయనా, జాగ్రత్త అని.

కిందినుంచి వాచ్‌మన్ గొంతు.

"మేస్త్రీ గారూ! ఆగిపోయిందా?"

"లేదు, కునుకు తీస్తోంది! పైకెళ్ళి మిషన్ రూము తెరువు!"

"తాళంచెవి?"

మేస్త్రీ గుత్తి తడుముకున్నాడు. "నా దగ్గరుంది."

"రెండోది?"

"అదీ."

కింద చెప్పుల చప్పుడు రెండడుగులు వేసి ఆగింది. తర్వాత, "పోన్లెండి, ఒకదానికొకటి తోడుగా ఉంటాయి" అన్న మాట వచ్చింది.

"సరసాలాడతావేంటయ్యా, పెద్దాయన గాలి అయిపోతోంది! పగలగొట్టు!"

"ఇనప తలుపండీ! తాళం కూడా ఏనుగు తొక్కినా ఊడదని మీరే కదా కొన్నారు!"

"వెల్డింగు షాపాయన్ని తీసుకురా, కోత మిషను తెమ్మను! పరిగెత్తు!"

చెప్పుల చప్పుడు దూరమైంది. పైన మొదటి అంతస్తు తలుపు దగ్గర తాత భార్య గొంతు, మెట్లు దిగుతూ అక్కడే ఆగిపోయినట్టుంది. ఆవిడ జన్మలో లిఫ్టెక్కదు, దేవుడి మీద నమ్మకముంది గానీ తాడు మీద లేదంటుంది. మేస్త్రీది దానికి తిరగేసిన బతుకు. "ఏమండీ, ఉన్నారా?" తాత వేలికున్న ఉంగరంతో గోడ కమ్మీ మీద రెండుసార్లు కొట్టాడు. "రెండు కొట్టారు," అని ఆవిడ ఎవరితోనో అంది, "అంటే చిరాకుగా లేరు. చిరాకైతే ఒకటే కొడతారు."

మేస్త్రీకి ఒక చోట నిలవబుద్ధి కాలేదు. తలుపు రెక్కలు చేత్తో లాగితే ఎదురుగా వట్టి గోడ, కింద దుకాణాల కోసం ఎత్తు పెంచి కట్టిన గోడ, ఒక్క గుమ్మం అంచు కూడా అందదు, అందితే తాళంచెవి అయినా సందులోంచి తోసేవాడు. సిమెంటు మీద తాపీ గీతలు కనబడుతున్నాయి, ఎవడో తాపీవాడు సాయంత్రం ఇంటికి పోయే తొందరలో వదిలేసిన గీతలు. నెత్తిన పైకప్పు మూత ఉంది, అది బయటినుంచే తెరుచుకుంటుంది, లోపలివాళ్ళు భయపడి పైకెక్కి చావకుండా అలా పెడతారు, ఎంత తెలివి, ఇప్పుడా తెలివి నెత్తి మీద కూర్చుంది. ఫోను? ఫోను పైన పనిముట్ల సంచిలో, చార్జింగులో. నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు, గోడ మీద అరచేత్తో ఒకటి, మళ్ళీ ఇటు, కుర్చీ చక్రం మడమకి కొట్టుకుంటే దాన్నో తిట్టు, వెల్డింగు షాపు రెండు వీధుల అవతల, వాచ్‌మన్ మోకాలు నొప్పివాడు, పరిగెత్తమంటే కుంటుతాడు, షాపు మూసి ఉంటే, ఉండదు, మధ్యాహ్నం భోజనానికి మూస్తాడా, మూస్తాడేమో, ముల్లు ఎంతుంది, బల్బు వెలుగు చాలదు, వంగి చూస్తే తాత మోకాళ్ళకి తల తగిలింది, మళ్ళీ లేచాడు. ఎవడైనా తెలివితక్కువవాడు పైన తలుపు గునపంతో పెకలిస్తాడేమో, పెకలిస్తే బావిలో పడి చస్తాడు, ఇంకో ప్రాణం. "అమ్మా! తలుపు జోలికి ఎవర్నీ రానివ్వకండి!" అని అరిచాడు. "నేనిక్కడే కూర్చున్నా నాయనా, నన్ను దాటి ఎవరొస్తారు" అంది ఆవిడ. అప్పుడు తాత అతని చొక్కా అంచు పట్టుకుని లాగాడు.

"కూచో," అన్నాడు, మాటకీ మాటకీ మధ్య ఈల లాంటి ఊపిరి. "నా గాలి... నువ్వు తాగేస్తున్నావు."

నవ్వులాటకే అన్నాడు. మేస్త్రీ మాత్రం చెంప మీద కొట్టినట్టు కింద కూలబడ్డాడు.

కూర్చుంటే ఇంకా కష్టం. కాళ్ళు ఆగితే బుర్ర పరిగెడుతుంది. ఈ ముసలాయన ఇక్కడ పోతే చంపింది ఎవరు, కాయిలా, వాచ్‌మనా, కాదు, నడుముకి రెండు తాళంచెవులు కట్టుకుని తిరిగేవాడు. తనకి అన్యాయం జరిగిందని పదకొండేళ్ళుగా ఊరంతటికీ చెబుతున్నవాడు. అడగాలి, ఇలాంటప్పుడు జనం ఎవర్ని అడుగుతారో ఆయన్నే అడగాలి, అమ్మ ఉండగా తనూ అడిగేవాడు, అడగడం కాదు, మాట్లాడేవాడు, లిఫ్టు పైకప్పు మీద నిలబడి చీకటి బావిలో ఒంటరిగా పని చేసే రోజుల్లో రోజంతా ఆయనతోనే మాట, గ్రీజు అయిపోయిందయ్యా, నడుము పట్టేసింది చూడు, ఈ నట్టు వంకరది ఎవడు పెట్టాడు నాకు చెప్పు. ఇప్పుడు దేవుడా అని నోరు తెరవబోతే భక్తుడి మొహం అడ్డొచ్చింది. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, తల ఒక పక్కకి వాల్చి. కాగితాల రోజు అలాగే ఉన్నాడు. ముందు ప్రార్థన చేసుకుందాం అన్నయ్యా, తర్వాత సంతకాలు, అన్నాడు. ఎంత బాగా చేశాడు, మా ఇద్దరి చేతుల కష్టం దీవించు అని గొంతు వణికింది కూడా, తనకి కళ్ళు చెమర్చాయి, సొంత తమ్ముడు కూడా అలా కోరుకోడు. ఇద్దరూ తల వంచుకుని నిలబడ్డారు. కళ్ళు నిజంగా మూసుకున్నది తనొక్కడే. ఏడో తరగతితో ఆపేసినవాడికి ఆ స్టాంపు కాగితం చీమల బారులా కనబడింది, చీమలు ఎటు పోతున్నాయో ఎవడు చూస్తాడు, వేలు పెట్టి చూపించిన చోటల్లా పెట్టాడు సంతకం, తొమ్మిది చోట్ల. తర్వాత పెద్ద చదువులవాళ్ళకి చూపిస్తే, చదివి పెట్టాలి కదండీ అన్నారు. అందరూ అదే. చదవడం వస్తే చదవడూ? ఆ రాత్రి ఇంటికొచ్చి ఆయనతో ఆఖరి మాట మాట్లాడాడు. ఆ గదిలో ముగ్గురం ఉన్నాం, నేనూ, వాడూ, నువ్వూ. వాడు ముంచాడు, నేను మునిగాను, నువ్వు గట్టు మీద కూర్చుని చూశావు. ఇంక నీకూ నాకూ చెల్లు. అంతే. ఆ తర్వాత భార్య సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుని పెదాలు కదుపుతుంటే చూసీ చూడనట్టు లేచిపోయేవాడు, ఒకరోజు ఉండబట్టలేక, ఇంకా ఏం అడుగుతున్నావే, అన్నీ పోయాక, అన్నాడు. అడగట్లేదండీ అందామె. ఏం చేస్తోందో ఆమె చెప్పలేదు, తనూ అడగలేదు.

"ఆ వర్క్‌షాపు... ఎంత స్థలమన్నావూ?" అన్నాడు తాత ఉన్నట్టుండి. అతన్ని మాటల్లో పెట్టడానికని మేస్త్రీకి తెలుస్తూనే ఉంది, అయినా ఆ మాట అడిగితే ఆగలేడు.

"నాలుగొందల గజాలు పెద్దాయనా. రోడ్డు మీద."

"మెట్ల దగ్గర... మూడొందలన్నావు." ఊపిరి. "మనం బయటికెళ్ళేసరికి... ఎకరం అవుద్ది."

పైన ఆవిడకి ఈ గొంతు వినబడిందేమో, "ఎవరితో ఆ మాటలు? నోరు మూసుకుని గాలి పీల్చుకోండి!" అని కేకేసింది. తాత ఒక్కసారే కొట్టాడు ఉంగరంతో. ఆ తర్వాత చాలాసేపు ఈల మాత్రమే వినిపించింది. ముల్లు గీతని ముద్దు పెట్టుకుంటోంది. మేస్త్రీ మళ్ళీ లేవబోయాడు, తాత చెయ్యి అతని భుజం మీద పడింది, ఎండుకొమ్మలా తేలికైన చెయ్యి.

"అడుగుతున్నావా?"

"లేదండీ. అడగడం మానేశాను."

"మంచిది. అడిగితే ఊపిరి... ఎక్కువ పడుద్ది." కొంచెం ఆగాడు. "మా బ్యాండు మేస్త్రీ... మొదటి ఊపిరి పాటకి వాడనిచ్చేవాడు కాదు. పీల్చి... ఊరికే వదలమనేవాడు. ఇచ్చినందుకు... దణ్ణంలా." ఇంకాసేపు ఆగాడు. "నావి ఇప్పుడు... అన్నీ మొదటి ఊపిర్లే. ఒక్కోదానికి ఒక మేలు చెబుతా. గొట్టం మేలు. కుర్చీ మేలు. దాని గొంతు..." పైకి చూపించాడు, "మేలు. నువ్వూ చెప్పు. లోపల. నీ గాలి... మిగులుద్ది."

పిచ్చి ముసలాయన, అనుకున్నాడు మేస్త్రీ. చావు ముల్లు మీద కూర్చుని ఉంటే కుర్చీకి మేలు చెప్పడం ఏమిటి. కానీ ఈ మనిషిని ఇక్కడికి తెచ్చింది తను, ఆయన అడిగింది ఇంతే, పోయేదేముంది, నోటి తుంపరా. దేనికి చెప్పాలి. కళ్ళు మూసుకోలేదు, ఆ పని ఒకసారి చేశాడు, చాలు. పైకప్పు చూశాడు. తాళ్ళు. ఆరు తాళ్ళు ఉన్నాయి పైన, ఇద్దరు మనుషులకీ కుర్చీకీ ఒక్కటి చాలు, మిగతా ఐదూ ఎందుకు, ఎవడో చూడని మనిషి ఎక్కడో కార్ఖానాలో పురి మీద పురి పెట్టి ఆరు పెట్టండి అన్నాడు, వాడెవడో, మేలు. పట్టాలు, అటొకటి ఇటొకటి, నిటారుగా, పదిహేనేళ్ళ కిందట ఎవరో తూకం గుండు దారం వేసి నిలబెట్టారు, మేలు. బ్రేకు. జనమంతా పొరపాటు పడేది ఇక్కడే, ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, కరెంటు పోతే లిఫ్టు జారిపోతుందని వణుకుతారు, కరెంటు పోతేనే కదా అది పట్టుకునేది, స్ప్రింగు ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది, పట్టుకోవడం దాని గుణం, కరెంటు వచ్చి బలవంతంగా విడదీస్తే తప్ప వదలదు, వదలడానికే కరెంటు కావాలి. చీకటి పడినప్పుడే దాని పట్టు. ఇప్పుడీ క్షణాన కూడా పట్టుకునే ఉంది, ఎవరూ అడక్కుండా, ఎవరూ చూడకుండా. తను కూడా అంతేనేమో, పదకొండేళ్ళుగా పట్టుకుని, వదలమంటే ఎక్కడినుంచి తేవాలి కరెంటు. అది అటుంచు. బ్రేకు మేలు. నీళ్ళ సీసా, పొద్దున సంచిలో పెట్టింది ఆవిడే, తన ఆవిడ, ఎప్పుడు పెడుతుందో ఏనాడూ చూడలేదు, సీసా ఏనాడూ ఖాళీగా లేదు. ఈ మధ్యాహ్నం నిండా నీళ్ళున్న ఆ సీసాని సంచితోపాటు పైనే వదిలేసి వచ్చాడు, అదీ తన తెలివే. ఈ గుత్తి వేలాడే గుడ్డ కొస, అదీ ఆమె కుట్టిందే, నాలుగు మడతలు పెట్టి, నడుము దగ్గర బట్ట చిరక్కుండా. కొత్త తాళం చూసి ఇంటికొచ్చిన రోజు ఆమె ఒక్క మాట అనలేదు, కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతా అంది, పెట్టి, తనూ పక్కనే కూర్చుని తినేసింది, ఎప్పుడూ తర్వాత తినే మనిషి ఆ రోజు తనతోపాటు కూర్చుంది, ఒక్కడే తినలేడని. దానికి మేలు చెప్పాడా, పెళ్ళానికి ఎవడైనా మేలు చెబుతాడా, ఇంట్లోవాళ్ళకి చెబితే పరాయివాళ్ళని చేసినట్టు ఉండదూ, అని అందరూ ఊరుకుంటారు, ఊరుకుని ఊరుకుని ఒకరోజు పోతారు. మేలు. ఆ రోజు కూరలో ఉప్పెక్కువైంది, ఆమె ఏడ్చిందేమో పొయ్యి దగ్గర, అది ఇప్పుడు తట్టింది, పదకొండేళ్ళకి. ఇదంతా ఎవరికి చెబుతున్నాడు? బ్రేకుకి చెవులున్నాయా. తాళ్ళు పేనినవాడు ఎక్కడో పడుకుని ఉంటాడు. చెబుతుంటే అవతల ఎవరో వింటున్నట్టుంది, ఖాళీ గదిలో చెప్పినట్టు లేదు. ఆ స్ప్రింగు అలా పట్టుకునేట్టు చేశావు చూడు, అది బాగుంది, అన్నాడు లోపల. అని ఉలిక్కిపడ్డాడు. ఆ గొంతు తనకి తెలుసు. లిఫ్టు పైకప్పు మీద గ్రీజు చేతులతో, గ్రీజు అయిపోయిందయ్యా అని మాట్లాడిన గొంతు అది. వెంటనే రోషమొచ్చింది, నేను నీతో మాట్లాడటం లేదు అన్నాడు, అది కూడా ఆయనతోనే అన్నాడు.

ముల్లు ఎరుపులోకి దిగి ఎంతసేపయిందో లెక్క తప్పింది. తాత పెదాల రంగు మారుతోంది. పైనుంచి, చాలా పైనుంచి, ఇనుము అరిచిన అరుపు సన్నగా బావిలోకి దిగింది, కోత మిషను. "వచ్చేశారు నాయనా," అంది ఆవిడ, "నా ఫోనులో వాచ్‌మన్ ఉన్నాడు, నువ్వు నాకు చెప్పు, నేను వాడికి చెబుతా." అరుపు ఆగింది. తలుపు కిర్రుమంది. ఇప్పుడు అసలు పరీక్ష. బ్రేకు అంటే ఏమిటో తెలియని మోకాలు నొప్పి వాచ్‌మన్, కోత మిషను ఒకటే తెలిసిన వెల్డింగు మనిషి, వాళ్ళ చేతుల్లో ఆరు తాళ్ళూ, ఒక ముసలి ప్రాణమూ. ఇచ్చేదేమీ లేదు తన దగ్గర, మాట తప్ప. "ముందు మెయిన్ స్విచ్చి కిందికి లాగమనండి!"

"ముందు మెయిన్ స్విచ్చి కిందికి లాగాలంట, కిందికి! ఆఁ, లాగాడంట."

"గోడకి ఎర్ర కమ్మీ ఉంటుంది. అది బ్రేకు దగ్గర పెట్టి వెల్డింగాయన నొక్కి పట్టుకోవాలి. వాచ్‌మన్ చక్రం తిప్పాలి. నేను ఆపు అంటే కమ్మీ వదిలెయ్యాలి, వదిలితే అదే పట్టుకుంటుంది."

"ఎర్ర కమ్మీ నొక్కాలంట, ఆపు అంటే వదిలెయ్యాలంట నాయనా, భయపడకండి, వదిలితే అదే పట్టుకుంటుందంట." ఆ మాట ఆవిడ రెండోసారి తనలో తనే అనుకున్నట్టు అంది. "పట్టుకుంటుందంట."

"పైకి తిప్పమనండి. తాడు మీద పసుపు రంగు గీత వచ్చి మోటారు దిమ్మ మీద గీతకి ఎదురుగా నిలబడితే మొదటి అంతస్తు."

లిఫ్టు వణికింది, ఒక బెత్తెడు కిందికి జారింది. తాత చెయ్యి మేస్త్రీ వేళ్ళని పట్టుకుంది. "పైకి! పైకమ్మా!" "పైకంట రా, అది కింద! నీ కుడి చెయ్యి వైపు! ... నీ కుడి ఏదో నీకు తెలియకపోతే ఎలా!" వణుకు ఆగింది, మళ్ళీ మొదలైంది, గోడ మీది తాపీ గీతలు ఒక్కోటీ కిందికి దిగడం మొదలుపెట్టాయి, నిదానంగా, ఒక బెత్తెడు, ఆగడం, ఒక బెత్తెడు, పైన ఒక మోకాలు నొప్పివాడు ఒళ్ళంతా చెమటలు కక్కుతూ చక్రాన్ని వేళ్ళతో వెదికి తిప్పుతున్నాడు, పొద్దున తను దొంగన్న మనిషి, మేలు, మేలు, మేలు అనుకున్నాడు మేస్త్రీ, ఒక్కో బెత్తెడుకీ ఒకటి, ఆపలేకపోయాడు, తాత వేళ్ళు అతని వేళ్ళ మీద అదే లెక్కన కదులుతున్నాయి, బూర మీటలు నొక్కినట్టు. గుమ్మం అంచు నెత్తి దగ్గర కనబడింది, తర్వాత భుజాల దగ్గర, తర్వాత మోకాళ్ళ దగ్గర, తర్వాత లిఫ్టు నేలకి సమంగా. "ఆపు!" "ఆపంట!" బ్రేకు పట్టింది. ఆ పట్టిన చప్పుడు కంటే మంచి చప్పుడు ఇన్నేళ్ళలో వినలేదు. తలుపు మీటని లోపలినుంచి అందుకుని లాగాడు, వెలుగు పడింది, వెలుగులో ఆవిడ నేల మీద బాసింపట్టు వేసుకుని, పక్కన పెద్ద సిలిండరు, ఇరుగుపొరుగు ఎవరో మోసుకొచ్చిందే, పెట్టుకుని కూర్చుని ఉంది. గొట్టం మార్చడానికి ఆమెకి మూడు క్షణాలు పట్టింది. తాత పెదాలకి రంగు రావడానికి ఇంకాసేపు. వచ్చాక ఆయన మొదటి ఊపిరి పీల్చి, ఊరికే వదిలాడు. రెండోది మాటకి వాడాడు.

"ఎకరం... చేశావా?"

"ఏం ఎకరం? ఎవరి ఎకరం?" అంది ఆవిడ.

వాచ్‌మన్ మెట్లు దిగి వచ్చాడు, అరచేతులు నల్లగా, చొక్కా తడిగా, రాగానే, "తాళం ముక్కలైంది మేస్త్రీ గారూ, తాళంచెవులు మాత్రం భద్రంగా ఉంచుకోండి, రెండూ" అన్నాడు. జనం నవ్వారు. మేస్త్రీ వాడి నల్లటి అరచేతులు చూసి, "మేలు చేశావయ్యా," అన్నాడు, "నీ చేతులు చల్లగుండ."

వాచ్‌మన్ అతన్ని కిందినుంచి పైకి చూశాడు. "ఒంట్లో బాలేదా మీకు? ఇలా కూచోండి, నీళ్ళు తెస్తా."

కొత్త కాయిల్ వెయ్యడానికి మేస్త్రీ ఒక్కడే పైకి వెళ్ళాడు. మిషన్ రూములో కాలిన వాసన, నేల మీద తాళం ముక్కలు, మూలన సంచి, సంచిలో సీసా. నీళ్ళు తాగాడు. పని మొదలు పెట్టబోయి చెయ్యి ఆగింది, మోటారు దిమ్మ మీద కూర్చున్నాడు. భక్తుడి మీద కోపం తగ్గిందా అని తడిమి చూసుకున్నాడు, తగ్గలేదు, చెక్కు చెదరలేదు, ఎక్కడుండాలో అక్కడే ఉంది. వాణ్ణి క్షమించాలని ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినడు. కానీ ఒకటి మాత్రం, ఇన్నేళ్ళూ ఆ కోపాన్ని మోసుకుని టీ కొట్టువాడి దగ్గరికి వెళ్ళాడు, బావమరిది దగ్గరికి, బస్సులో పక్క సీటువాళ్ళ దగ్గరికి, లిఫ్టెక్కిన ప్రతివాడి దగ్గరికి వెళ్ళాడు, చెప్పిన ప్రతిసారీ వాళ్ళ మొహంలో చాలినంత జాలి కనబడక ఇంకో యాభై గజాలు కలిపాడు. వినాల్సినవాడి దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. అక్కడికి వెళ్తే కలపడానికి వీల్లేదు, ఆయన ఆ గదిలో మూడోవాడు. సరే విను, అన్నాడు పైకే, ఖాళీ గదిలో, గొంతు వంకరపోయింది. తాత బతికాడు, మేలు. ఆవిడ ఆ రోజు నా పక్కన కూర్చుని తింది, మేలు, ఇంటికెళ్ళి ఆవిడకీ చెబుతా, నవ్వుతుంది, నవ్వనీ. ఇవి నీ వైపువి. ఇప్పుడు నా వైపుది చెబుతున్నా, నువ్వు జవాబు చెప్పాలి, ఈ రోజే చెప్పక్కర్లేదు, రోజూ వస్తాను, రోజూ అడుగుతాను. పద్దెనిమిదేళ్ళు జీతం మీద జీతం వేసి కొన్నది, నా చేత్తో కొలిచి నాలుగు మూలలా రాళ్ళు పాతినది, వాడు నీ పేరు చెప్పి పట్టుకుపోయినది. నాలుగొందలు కాదు. మూడొందలు కూడా కాదు. రోడ్డు వైపు ముప్పై ఆరు అడుగులు, లోపలికి నలభై మూడు. నూట డెబ్భై రెండు గజాలు.